పీసీ గేమ్‌లకు పెద్ద టీవీ: ముందు చూడాల్సింది వెనకవైపు పోర్టులు

ప్రశ్న: ఇన్నాళ్లూ 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ మీద గేమ్‌లు ఆడాను. ఇప్పుడు 65 అంగుళాల 4కె టీవీ కొని, అదే టేబుల్ మీద పెట్టి కంప్యూటర్‌కు కలుపుకోవాలని ఉంది. టీవీలో మౌస్ ఆలస్యంగా కదులుతుందని, అక్షరాలు మసకబారతాయని మిత్రులు అంటున్నారు. నిజమేనా? ఏమేం చూసి కొనాలి?

జవాబు: మీ మిత్రులు చెప్పిన రెండూ నిజమే, కానీ రెండింటికీ విరుగుడు ఉంది. ముందు మౌస్ సంగతి చూద్దాం. టీవీ తనకు అందిన బొమ్మను ఉన్నది ఉన్నట్టుగా చూపించదు. అంచులు దిద్దుతుంది, రంగులు సరిచేస్తుంది, కదలికలు నునుపుగా కనబడడం కోసం రెండు ఫ్రేముల (వరుసగా వచ్చే విడి బొమ్మల) మధ్య మరో ఫ్రేమును తానే కల్పించి చేరుస్తుంది. అలా కల్పించాలంటే తరువాతి ఫ్రేము వచ్చేదాకా ముందుదాన్ని పట్టి ఉంచక తప్పదు. 60 హెర్ట్జ్ వద్ద, అంటే సెకనుకు 60 ఫ్రేములు వచ్చేటప్పుడు, ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, నాలుగైదు ఫ్రేములు ఆగినా చేతికీ తెరకూ మధ్య ఎడం తెలిసిపోతుంది. సినిమా చూసేవారికి దీనితో ఇబ్బంది లేదు, గేమ్ ఆడేవారికి మాత్రం ఇదే ప్రాణాంతకం. నేను మొదటిసారి టీవీకి కంప్యూటర్ కలిపినప్పుడు బాణం గుర్తు నా చేతి వెనకాల ఈదుకుంటూ వస్తున్నట్టు అనిపించి, లోపం మౌస్‌లో ఉందేమోనని వేరేది పెట్టి చూశాను. చివరికి టీవీ సెట్టింగుల్లో, ఈ దిద్దుబాట్లను చాలావరకు ఆపేసే గేమ్ మోడ్ ఆన్ చేయగానే బాణం చేతితోపాటే కదిలింది. కాబట్టి గేమ్ మోడ్‌లో ఆలస్యం ఎన్ని మిల్లీసెకన్లో కొలిచి రాసిన సమీక్షలు చదివి, 60 హెర్ట్జ్ వద్ద అది 15కు మించని టీవీనే ఎంచుకోండి.

ఇక అక్షరాలు. వీడియోలో వెలుతురు వివరం ప్రతి పిక్సెల్‌కూ విడిగా ఉన్నా, రంగు వివరాన్ని సాధారణంగా నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒక్కటే పంపుతారు, ఎందుకంటే మన కన్ను వెలుతురులోని తేడాను పట్టినంత సూక్ష్మంగా రంగులోని తేడాను పట్టలేదు. మనిషి ముఖం మీద ఈ పొదుపు కనిపించదు కానీ, ఒకే పిక్సెల్ మందం ఉన్న అక్షరపు గీత మీద కనిపిస్తుంది. నల్లటి నేపథ్యం మీద చిన్న ఎర్ర అక్షరాలు టైప్ చేసి చూడండి. గీతలు అలుక్కుపోయినట్టు, అంచులు నీళ్లలో తడిసినట్టు ఉంటే రంగు వివరం పూర్తిగా అందడం లేదని అర్థం. దీనిని పూర్తిగా పంపే పద్ధతిని 4:4:4 అంటారు. గ్రాఫిక్స్ కార్డ్ సెట్టింగుల్లో ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా పంపే పద్ధతి) ఎంచుకుని, టీవీలో ఆ ఇన్‌పుట్ పేరును పీసీ అని మారిస్తే చాలా మోడళ్లలో సమస్య తీరుతుంది. దుకాణానికి వెళ్లేటప్పుడు ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లి, ఈ పరీక్ష అక్కడే చేయండి.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది టీవీ వెనక ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టు, అంటే కంప్యూటర్ నుంచి వచ్చే కేబుల్ పెట్టే చోటు. పాత 2.0 పోర్టు సెకనుకు 18 గిగాబిట్ల వరకే మోయగలదు, అంటే 4కెలో 60 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. 2017లో వచ్చిన 2.1 ప్రమాణం 48 గిగాబిట్ల దాకా మోస్తుంది కనుక 4కెలో 120 హెర్ట్జ్ సాధ్యమవుతుంది. అయితే పెట్టె మీద 2.1 అని ఉన్నంత మాత్రాన నమ్మకండి, ఎందుకంటే ఆ ప్రమాణంలోని చాలా సదుపాయాలు తప్పనిసరి కావు. ఇన్‌పుట్ 4కె 120 హెర్ట్జ్ తీసుకుంటుందని, వీఆర్‌ఆర్ (ఫ్రేములు వచ్చే వేగానికి తగ్గట్టు తెర తన వేగాన్ని మార్చుకునే సదుపాయం) ఉందని స్పష్టంగా రాసి ఉండాలి. కదలికల నునుపు గురించి ప్రకటనల్లో వేసే పెద్ద పెద్ద అంకెలకు, పోర్టు తీసుకునే హెర్ట్జ్‌కు సంబంధం లేదు. కొన్ని టీవీల్లో ఇలాంటి పోర్టులు రెండే ఉంటాయి, వాటిలో ఒకటి సౌండ్‌బార్‌కు పోతుంది. మీ గ్రాఫిక్స్ కార్డ్‌కూ ఆ శక్తి ఉండాలి. ఎన్‌విడియాలో 2020లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 30 సిరీస్ నుంచి, ఏఎండీలో అదే ఏడాది వచ్చిన ఆర్‌ఎక్స్ 6000 సిరీస్ నుంచి హెచ్‌డీఎంఐ 2.1 ఉంది. పైగా 4కెలో దాదాపు 83 లక్షల పిక్సెళ్లు, అంటే మీ మానిటర్‌లో ఉన్నవాటికి నాలుగింతలు, గీయాల్సి ఉంటుంది కనుక ఫ్రేములు ఒకే వేగంతో రావు. వీఆర్‌ఆర్ అక్కడే అక్కరకొస్తుంది.

పరిమాణం విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను. 48 అంగుళాల 4కె తెర అంటే సరిగ్గా మీ మానిటర్లు నాలుగు, పైన రెండు, కింద రెండు పేర్చినట్టే. అంగుళానికి 92 పిక్సెళ్లు రెండింటిలోనూ సమానం. 65 అంగుళాలకు వచ్చేసరికి అది 68కి పడిపోతుంది, పైగా తెర వెడల్పు 1.4 మీటర్లు దాటుతుంది కనుక టేబుల్ ముందు కూర్చుంటే మూలన ఉన్న మ్యాప్ చూడడానికి ప్రతిసారీ మెడ తిప్పాలి. టేబుల్ మీదే ఆడతానంటే 42, 48 అంగుళాల మధ్య చూడండి. రెండు మీటర్ల దూరంలో సోఫాలో కూర్చుని కంట్రోలర్‌తో ఆడేటట్టయితే 65 నిశ్చింతగా తీసుకోండి.

ప్రశ్న: పగలు ఆఫీసు పని, రాత్రి గేమ్‌లు ఒకే ఓఎల్‌ఈడీ టీవీ మీద చేసుకోవచ్చా?

జవాబు: గేమ్‌లకు, ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలిగే ఓఎల్‌ఈడీని మించినది లేదు, నలుపు నిజంగా నలుపుగా ఉంటుంది, వేగంగా కదిలే బొమ్మ వెనక మరక మిగలదు. కానీ రోజుకు ఎనిమిది గంటలు టాస్క్‌బార్ ఒకేచోట వెలుగుతూ ఉంటే, నెలల తరబడి వాడకంలో అక్కడి పిక్సెళ్లు మిగతావాటికన్నా ఎక్కువగా అరిగి, శాశ్వతంగా ముద్ర పడే ప్రమాదం ఉంది. పని గంటలే ఎక్కువైతే, తెర వెనక చిన్న చిన్న దీపాలుండే మినీ ఎల్‌ఈడీ తీసుకోవడం మేలు. ఓఎల్‌ఈడీయే కావాలనుకుంటే టాస్క్‌బార్ దానంతట అదే దాక్కునేలా పెట్టి, పని చేసేటప్పుడు వెలుతురు తగ్గించి, రెండు నిమిషాలు కదలిక లేకపోతే తెర ఆరిపోయేలా కంప్యూటర్‌లో అమర్చుకోండి.