మూడు తీసివేతలు, ఒక కూడిక

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. అర్ధరాత్రి చెయ్యి తిమ్మిరెక్కి మీ అమ్మ లేచి కూర్చుని విదిలించుకోవడం బాగా రాశావు. కానీ మూడో పేజీలో "మూడు నరాల పరీక్షల్లో ఏ ఒక్కటి తేడా చూపినా కార్పల్ టన్నెల్ ఖాయం" అన్నావే, అక్కడ నాకు కోపమొచ్చింది. కార్పల్ టన్నెల్ అంటే మణికట్టు దగ్గర మీడియన్ అనే నరం నొక్కుకుపోయే జబ్బు కదా. ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం కోసమే.

జబ్బు లేనివాళ్లలో నూటికి 5 మందిని పొరపాటున పట్టే పరీక్ష ఉందనుకో. దేనికది విడిగా పొరబడే అలాంటి పరీక్షలు మూడు చేసి, ఏ ఒక్కటి పట్టినా జబ్బే అంటే, దాదాపు 14 మంది దొరికిపోతారు. వాళ్లలో కొందరు బాగున్న చేతికి ఆపరేషన్ చేయించుకుంటారు.

సియాటిల్‌లో లారెన్స్ రాబిన్సన్ బృందం 1998లో ప్రచురించిన పద్ధతి ఈ చిక్కును విప్పడానికే. ఉంగరపు వేలికి మీడియన్, అల్నార్ నరాలు రెండూ స్పర్శనిస్తాయి. టెక్నీషియన్ ఆ వేలికి రింగు ఎలక్ట్రోడ్ తొడిగి, టేపుతో 14 సెంటీమీటర్లు కొలిచి, మణికట్టు దగ్గర పెన్నుతో గుర్తు పెడతాడు. మీడియన్ మీద ఓసారి, అల్నార్ మీద ఓసారి చిన్న షాక్ ఇచ్చి, సంకేతం వేలికి చేరే టైమ్ చూస్తాడు. మీడియన్ టైమ్‌లోంచి అల్నార్ టైమ్ తీసేస్తాడు. నొక్కుకున్న మీడియన్ ఎంత వెనకబడిందో ఆ తేడాయే చెబుతుంది. బొటనవేలికి 10 సెంటీమీటర్లలో మీడియన్, రేడియల్ నరాల తేడా. అరచేతి నుంచి మణికట్టుకు 8 సెంటీమీటర్లలో మళ్లీ మీడియన్, అల్నార్ తేడా. మూడూ కూడితే ఒకే స్కోరు. 1 మిల్లీసెకను, ఆ పైన వస్తే జబ్బు ఉన్నట్టు.

ఇప్పుడు చూడు. విడివిడిగా హద్దులు, మిల్లీసెకన్లలో, ఉంగరపు వేలికి 0.4, బొటనవేలికి 0.5, అరచేతికి 0.3. ఒకరికి 0.4, 0.4, 0.3 వచ్చాయి. ఏదీ హద్దు దాటలేదు, మొత్తం మాత్రం 1.1. ఇంకొకరికి 0.5, 0.1, 0.1. ఒకటి దాటింది, మొత్తం 0.7 మాత్రమే. నీ వాక్యం ఈ ఇద్దరికీ అన్యాయం చేస్తుంది.

అంకెలుంటే పాఠకులు పారిపోతారని నీకెవరో చెప్పారు, నాకు తెలుసు. నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక సంపాదకుడు నా వ్యాసంలో అంకెలన్నీ కొట్టేసి "అత్యాధునిక పరీక్ష" అని చేర్చాడు. వాటి కోసం ల్యాబు గుమ్మంలో ఎన్ని సాయంత్రాలు కాపు కాశానో ఆయనకేం తెలుసు! చీటీ పాటలో తన వాటా ఎంతొస్తుందో నోటిలెక్కన చెప్పే మనిషికి మూడు తీసివేతలు అర్థం కావా? ఇప్పుడేమో ఆరోగ్య వ్యాసమంటే కన్నీళ్లతో మొదలై ధైర్యవచనంతో ముగియాలంటున్నారు. లెక్క దాచిన వ్యాసం పాఠకుణ్ణి చిన్నపిల్లాణ్ణి చేస్తుంది. నువ్వలా రాయొద్దు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ఆ సంగతి తర్వాత. ముందు మీ అమ్మ రిపోర్టు తియ్యి. మూడు తేడాలూ విడిగా రాశారా, మొత్తమే రాశారా చూడు. మొత్తమే ఉంటే ల్యాబుకెళ్లి అడుగు. పరీక్షప్పుడు చెయ్యి వెచ్చగా ఉందో లేదో కూడా అడుగు. చల్లటి చేతిలో సంకేతం నెమ్మదిస్తుంది. ఆ అంకెలతో మూడో పేజీ తిరగరాసి పంపు.

ఆశీస్సులతో.