స్టెంట్ వేశాక నల్లమందు: ఉన్నట్టుండి మాన్పించొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పర్లాకిమిడి. మా మావయ్యగారికి 63 ఏళ్ళు. ఈ మధ్య గుండెపోటు వస్తే బరంపురం తీసుకెళ్ళాం, స్టెంట్ వేశారు. ఆయనకి చాలా ఏళ్ళుగా నల్లమందు అలవాటు, పొద్దున్నే మిరియపు గింజంత ఉండ నోట్లో వేసుకుని టీ తాగుతారు. కేసవుతుందని భయపడి ఆస్పత్రిలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మా వారు మానమంటే "అది గుండెకి బలంరా, ఆస్పత్రిలో నొప్పికి ఇచ్చిన ఇంజెక్షనూ అందులోదే కదా" అంటున్నారు. బలవంతంగా మాన్పించెయ్యమంటారా? నల్లమందు వచ్చేది గసగసాల మొక్క నుంచే కదా, కూరల్లో గసగసాలు కూడా ఆపాలా?

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట. ఆ డబ్బీ తీసి పారేసి రేపటి నుంచి బంద్ అని మాత్రం చెయ్యకండి. అలాగని వేసుకోనివ్వమనీ చెప్పట్లేదు.

గుండెకి బలం అన్న నమ్మకం మీ ఇంట్లోనే కాదు, ఇరాన్‌లోనూ బాగా ఉంది. షుగర్‌కి, బీపీకి, గుండెకి మంచిదని అక్కడ చాలామంది వాడతారు. అందుకే ఈ విషయం మీద పెద్ద పరిశోధనలూ అక్కడివే. గోలెస్తాన్ ప్రాంతంలో 2004 నుంచి 2008 దాకా దాదాపు 50 వేల మందిని చేర్చుకుని గమనిస్తూ వచ్చారు, 2012లో ఫలితాలు ప్రచురించారు. నల్లమందు వాడేవాళ్ళలో చనిపోయే ముప్పు వాడనివాళ్ళకంటే సుమారు 86 శాతం ఎక్కువని తేలింది, గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవాళ్ళూ వాళ్ళలోనే ఎక్కువ. పొగ పీల్చేవాళ్ళకే కాదు, మీ మావయ్యగారిలా మింగేవాళ్ళకీ అంతే. జబ్బు చేశాక నొప్పి తట్టుకోలేక మొదలుపెట్టినవాళ్ళను పక్కనపెట్టి లెక్కేసినా ఆ తేడా పోలేదు. టెహ్రాన్‌లో బైపాస్ అయిన వేలమందిని ఐదేళ్ళపాటు చూస్తే, ఆపరేషన్ తర్వాత కూడా నల్లమందు మాననివాళ్ళకి మరణాలు, గుండెకి సంబంధించిన పెద్ద ప్రమాదాలు ఎక్కువగా కనిపించాయి.

గుండెపోటు వచ్చి ఆస్పత్రిలో ఉన్న ఆ కొద్దిరోజుల్లో వాడేవాళ్ళకీ వాడనివాళ్ళకీ పెద్ద తేడా కనబడని అధ్యయనాలూ ఉన్నాయి. మనిషి నడుచుకుంటూ ఇంటికొచ్చేస్తాడు, "చూశారా, నాకేమైంది" అంటాడు. నష్టం బయటపడేది తర్వాతి ఏళ్ళలో, అప్పుడు దాన్ని ఎవరూ నల్లమందు ఖాతాలో వెయ్యరు!

ఇక ఇంజెక్షన్ సంగతి. ఆయన అన్నది నిజమే, మార్ఫిన్ నల్లమందులోంచే వస్తుంది. కానీ అది కొలిచి, పక్కన మానిటర్ పెట్టుకుని, భరించలేని నొప్పికి ఇచ్చేది, గుండెని బాగుచెయ్యడానికి కాదు. పైగా అది కడుపు కదలికని మందగింపజేస్తుంది. గుండెపోటు రోగులకి మార్ఫిన్ ఇచ్చినప్పుడు టికాగ్రెలార్ లాంటి రక్తం గడ్డకట్టనివ్వని మాత్రలు ఆలస్యంగా పనిచేస్తున్నాయని పరీక్షల్లో తేలింది. స్టెంట్ ఉన్న మనిషికి ఆ మాత్రలే ప్రాణం. రోజూ నల్లమందు వేసుకుని వెంటనే వాటిని మింగితే నాకు టెన్షనే.

ఇంతకంటే నన్ను భయపెట్టేది ఇంకోటుంది. నల్లమందు నొప్పి తెలియనివ్వదు. రెండోసారి గుండెపోటు వస్తే ఆయనకి ఛాతీనొప్పి సరిగ్గా తెలియకపోవచ్చు. ఊరికే చెమటలు పట్టినా, మెట్లెక్కకుండానే ఆయాసమొచ్చినా, గ్యాస్ అని వాము నీళ్ళిచ్చి పడుకోబెట్టకండి, వెంటనే ఈసీజీ తీయించండి.

మరి ఒక్కసారిగా ఎందుకు ఆపకూడదు? ఇన్నేళ్ళ అలవాటు తెగితే ఒక రోజు తిరిగేలోపే ఆవలింతలు, ముక్కు కారడం, కాళ్ళు పీకడం, విరేచనాలు, నిద్ర లేకపోవడం మొదలై రెండు మూడు రోజులకి బాగా ముదురుతాయి. బీపీ, గుండె వేగం పెరుగుతాయి, వాంతులైతే మాత్రలూ బయటికొచ్చేస్తాయి. ఇప్పుడిప్పుడే కోలుకుంటున్న గుండెకి ఇదంతా బరువు. పైగా తట్టుకోలేక వారం తర్వాత మళ్ళీ పాత మోతాదే వేసుకుంటే, ఒంటికి అలవాటు తగ్గిపోయి ఊపిరి ఆగే ప్రమాదముంది. నిద్రపట్టట్లేదని ఆల్ప్రజోలామ్ లాంటి మత్తు మాత్ర తెచ్చివ్వడం అసలు వద్దు, నల్లమందుతో కలిస్తే ఊపిరికి అదీ ప్రమాదమే.

డిశ్చార్జి కాగితాలు, రోజూ వేసుకునే మాత్రలు ఒక కవర్లో పెట్టుకుని గుండె డాక్టర్ దగ్గరికి ఆయన్నే తీసుకెళ్ళండి. ఎంత వేసుకుంటున్నారో దాచకుండా చెప్పండి. బరంపురం ఎంకేసీజీ ప్రభుత్వాస్పత్రిలోనో, మీకు దగ్గరైతే విశాఖ కేజీహెచ్‌లోనో మానసిక వైద్య విభాగం ఉంటుంది, బ్యుప్రెనార్ఫిన్ లాంటి మందుతో మెల్లగా తగ్గించే చికిత్స ఇలాంటి చోట అడగండి, గుండె డాక్టర్ చీటీ చూపించి మరీ. ముందు ఫోన్లో అడగాలంటే మత్తు అలవాట్లు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446 ఉంది, ఉచితం. కేసు భయమంటారా, 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) లోనే 64ఏ సెక్షన్ ఉంది. కొద్దిపాటి సరుకుతో ఉన్న వ్యసనపరుడు తనంతట తానే ప్రభుత్వ ఆస్పత్రిలోనో, ప్రభుత్వం గుర్తించిన చోటో చికిత్సకి వచ్చి దాన్ని పూర్తిచేస్తే విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. మావయ్యగారికి మీ వారి చేత ఇదే చదివించండి, కోడలు చెప్తే ఆయనకి చిన్నతనంగా ఉండొచ్చు.

గసగసాలు ఆపక్కర్లేదు. కొట్లో అమ్మే గింజల్ని కడిగి కూరలో నూరి వేసుకుంటే మత్తు రాదు. గసగసాల కాయల తొక్క మరిగించిన నీళ్ళు మాత్రం నల్లమందుతో సమానమే, అది వద్దు. కూరలో ఉప్పు తగ్గించండి, చాలు.