ఆప్ ఆర్ట్ బొమ్మల్ని ఫొటోలో చూస్తే సరిపోదా?

"కార్లోస్ క్రూజ్-డీయెజ్ బొమ్మలన్నీ గీతలే కదా, ఫోన్‌లో చూస్తే చాలదా?" అని ఒకరు నన్ను అడిగారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. అట్టముక్కలతో అలాంటిది ఒకటి చేసి చూశాక అభిప్రాయం మార్చుకున్నాను.

ఆయన వెనెజువెలా కళాకారుడు. గీతలతో, రంగులతో కంటిని మాయచేసే ఆప్ ఆర్ట్ ఆయనది. 1923లో కరాకస్‌లో పుట్టి, 1960లో పారిస్ చేరి, 2019లో అక్కడే పోయారు. 1959లో మొదలుపెట్టిన ‘ఫిజిక్రోమీ’ అనే బొమ్మల సంగతే చెబుతాను. పలక మీద సన్నటి పట్టీలను, అంచు మనవైపు ఉండేలా, దగ్గరదగ్గరగా నిలబెడతారు. ఎడమ నుంచి చూస్తే ఒక రంగు, కుడి నుంచి చూస్తే ఇంకో రంగు. మోటారూ లేదు, కరెంటూ లేదు. నడవాల్సింది మనమే.

నేను సెంటీమీటరు వెడల్పు పట్టీలు కోసి, ఒక పక్క ఎరుపు, రెండో పక్క ఆకుపచ్చ వేశాను. మొదట పల్చటి చార్ట్ పేపర్ వాడితే, రంగు తడికి అన్నీ చుట్టలు చుట్టుకుపోయాయి. సాయంత్రమంతా దండగ. మళ్లీ గట్టి అట్టతో చేసి తెల్ల పలక మీద అతికించాను. అటూ ఇటూ నడిస్తే రంగు మారుతుందని ముందే తెలుసు, అదేం వింత కాదు. వింతంతా పట్టీల మధ్య సందులో ఉంది. అక్కడ నేనేమీ పూయలేదు, ఉత్త తెలుపే. అయినా ఎరుపు పక్కన లేత గులాబీ ఛాయ పరుచుకుంది. కర్టెన్ వేస్తే పోయింది, తీస్తే మళ్లీ వచ్చింది. ఎరుపు మీద పడిన వెలుగు తిరిగి తెలుపు మీద వాలుతోందన్నమాట. రంగు అంటే పూసి వదిలేసే పూత కాదు, కళ్లముందు జరుగుతూ ఉండేదని ఆయన చెప్పింది నాకు అప్పుడు బుర్రకెక్కింది. దాన్ని ఫొటో తీశాను కూడా. ఎరుపు గీతలే పడ్డాయి, అంతే.

ఆయనవన్నీ ఇంత బాగుంటాయని అనను. కొన్ని చూడగానే అయిపోతాయి. కానీ 1965 నుంచి చేసిన ‘క్రోమోసాచురేషన్’ గదులు వేరే సంగతి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, గదికో వెలుగు. కాసేపుంటే ఆ గది రంగు పాలిపోయినట్టు అనిపిస్తుంది, పక్క గది రంగు మాత్రం మండిపోతూ కనిపిస్తుంది. ఇది కెమెరాకు జరగదు, మన కంటికే జరుగుతుంది.

మీరూ చేసి చూడండి. ఒక్క జాగ్రత్త: పలక మీంచి పట్టీ లేచిన ఎత్తు కన్నా సందు వెడల్పు తక్కువ ఉండాలి. లేదంటే పక్క నుంచి చూసినా తెల్ల అట్టే కనిపిస్తుంది.