బ్రాకెట్లో దాచిన వాక్యం

అమ్మా,

కుష్ఠు రోగులకు సేవ చేసి పోయిన మీ క్లాస్‌మేట్ గురించి మీరు రాసి పంపిన వ్యాసం మొదటిసారి కోపమొచ్చి సగంలో ఆపేశాను. రాత్రి నిద్ర పట్టక మళ్లీ తీశాను. రాయడం కొత్తే అయినా, కాలేజీ వదిలి ముప్పై ఐదేళ్లయిందన్నారు కాబట్టి నా దగ్గర గారాబం ఆశించకండి.

"ప్రేమతో కుష్ఠును జయించిన సేవామూర్తి" అని రాశారు. ప్రేమకు క్రిములు చావవమ్మా. రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమిన్‌లకు చస్తాయి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందులు కలిపి వాడమన్నాక కోటిమందికి పైగా నయమైంది. మరి మీ క్లాస్‌మేట్ చేసిందేమిటి? మందు చేయలేని పని. జబ్బు తగ్గినా, దెబ్బతిన్న నరానికి పోయిన స్పర్శ చాలామందికి తిరిగి రాదు. మేకు దిగినా తెలీదు, పుండు మీదే నడిచేస్తారు. అందుకని రోజూ అరగంట పాదాలు నీళ్లలో నానబెట్టించాలి, మొద్దుబారిన తోలు రాయితో రుద్దించాలి, తడి ఆరకముందే నూనె పట్టించాలి, ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు చెప్పులు కుట్టించాలి, క్లోఫాజిమిన్‌తో ఒళ్లు నల్లబడుతోందని మాత్రలు పారేసేవాళ్లని బతిమాలాలి. అతను ఇరవై ఏళ్లు "పాదాలు చూశాడు" అని మూడో పేజీలో ఒక్క ముక్క రాసి వదిలేశారు! మిగతాదంతా కరుణ, త్యాగం, తీరని లోటు. ఈ తీరని లోటుని పత్రికలవాళ్లు ఎప్పుడూ కంపోజ్ చేసి ఉంచుకుంటారు, పోయినవాడి పేరు మారిస్తే చాలు.

ఇంత చిరాకు ఎందుకంటే నేనూ ఇలాంటి వ్యాసం రాసినవాణ్నే. నా ఇరవై ఆరో ఏట, మీ క్లాస్‌మేట్ చేసిన పనిలోకే వెళ్లిన హాస్టల్ రూమ్మేట్ గురించి రాసి పంపితే, ఒక ఎడిటరు గారు చీము, వాసన, బేసిన్‌లో నీళ్ల రంగు అన్నీ కొట్టేసి "సేవాభావం పెంచండి" అని మార్జిన్లో రాసి వెనక్కి పంపారు. పెంచాను. అప్పటికి రెండేళ్లుగా ఏదీ అచ్చు కాలేదు మరి. అచ్చయిన కాపీ పట్టుకెళ్లి వాడికి చూపిస్తే, చేతులు తుడుచుకుని మొత్తం చదివి, "బాగుందిరా, ఎవరి గురించి?" అన్నాడు.

ఆ కాపీ ఇప్పుడు నా దగ్గర లేదు.

ఏ పత్రికకు పంపాలీ, ఫొటో వేయాలా అని అడిగారు. వాటి సంగతి తర్వాత. నన్ను నిద్రపోనివ్వనిది నాలుగో పేజీలో మీరు బ్రాకెట్లో పెట్టిన వాక్యం: "ఒకసారి బస్టాండులో కనిపిస్తే, చేయి కలపాల్సి వస్తుందేమోనని స్తంభం వెనక్కి తప్పుకున్నాను." అతనికి జబ్బు కూడా లేదు. అతను మీకు ప్రాణస్నేహితుడని మొదటి పేరాలో రాశారే, అది కొట్టేయండి. ముఖపరిచయమే అని ఒప్పుకుని, బ్రాకెట్ తీసేసి, అక్కణ్నించి మొదలుపెట్టండి.

ఆ స్తంభం వెనక ఎంతసేపు నిలబడ్డారు? అతను మిమ్మల్ని చూశాడా?