కన్నీటి గ్రంథి ‘స్రవిస్తుందా’, ‘స్రవింపజేస్తుందా’?

సందేహం: ఆరోగ్య వ్యాసం ఒకటి తెలుగులో రాస్తున్నాను. “మనిషిలోని ఎల్‌ఏసీఆర్‌టీ అనే జన్యువు కన్నీటి గ్రంధిలో లాక్రిటిన్ అనే ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. ఆ ప్రోటీన్ కంటి నీటిని స్రవిస్తుంది” అని రాశాను. ‘స్రవిస్తుంది’ దగ్గర ఏదో తేడా కొడుతోంది. పైగా కంటి నీరు, కన్నీరు, అశ్రువు, బాష్పం అన్నవాటిలో ఏది వాడాలో తెలియడం లేదు.

సమాధానం: మీ చెవి సరిగ్గానే పట్టింది. ‘స్రవించు’ అంటే కారు, ఊరు అని అర్థం. అది అకర్మక క్రియ. ఏది కారుతుందో అదే దానికి కర్త. గ్రంథి నుంచి కన్నీరు స్రవిస్తుంది, పుండు నుంచి రసి స్రవిస్తుంది. “గ్రంథి కన్నీటిని స్రవిస్తుంది” అనడం “నది నీటిని ప్రవహిస్తుంది” అన్నట్టే. రెండోది ఎవరూ అనరు. మొదటిది మాత్రం సైన్సు పాఠాల్లో కూడా తరచు కనిపిస్తుంది.

చివరనున్న ‘ఇంచు’ వల్లే ఈ పొరపాటు వస్తోందని నా అభిప్రాయం. చేయు–చేయించు, పారు–పారించు వంటి జంటల్లో ‘ఇంచు’ ప్రేరణార్థకం, అంటే పని జరిగేలా చూడటం. స్రవించులో ఉన్నది ఆ ‘ఇంచు’ కాదు. సంస్కృత ధాతువును తెలుగు క్రియగా మలుచుకోవడానికి చేర్చుకున్నది. జనించు, మరణించు, ప్రవహించు అన్నీ ఆ కోవలోవే. జనించడం అంటే పుట్టడమే గానీ పుట్టించడం కాదు కదా! అలాగే స్రవించడం అంటే కారడమే, కార్చడం కాదు. ఆ రెండో అర్థం కావాలంటే ‘స్రవింపజేయు’ అనాలి.

“హార్మోన్లను స్రవిస్తుంది” వంటి వాడుక ఇప్పటికే బాగా పాతుకుపోయింది. మామూలు వ్యాసంలో అయితే నేనూ చూసీ చూడనట్టు వదిలేస్తాను. మీ వాక్యంలో మాత్రం వదలడానికి లేదు. ఎందుకంటే లాక్రిటిన్ కథంతా ఈ రెండు క్రియల తేడాలోనే ఉంది.

ఆ ప్రోటీన్ గురించి శాస్త్రవేత్తలు 2001లో వెల్లడించారు. దాని జన్యువు 12వ క్రోమోజోము మీద ఉంటుంది. జన్యువు దేన్నీ స్వయంగా తయారుచేయదు. తయారీ విధానం దానిలో రాసి ఉంటుంది, అది చూసి తయారుచేసేది గ్రంథిలోని కణం. ముందుగా 138 అమైనో ఆమ్లాల గొలుసు తయారవుతుంది. బయటికి పంపే క్రమంలో కణం మొదటి 19 ఆమ్లాలను కత్తిరించేస్తుంది. మిగిలిన 119 ఆమ్లాల గొలుసు కన్నీటితోపాటు బయటికి వస్తుంది. ఇక్కడ లాక్రిటిన్ ‘స్రవిస్తుంది’. దాని పని అంతటితో అయిపోదు. కణాల పైపొరలో ఉండే సిండెకాన్–1 అనే మరో ప్రోటీన్‌ను అంటిపెట్టుకుని, ఇంకా నీరు వదలమని కణానికి కబురందిస్తుంది. ఇక్కడ అది కన్నీటిని ‘స్రవింపజేస్తుంది’. ముందు తాను స్రవించి, ఆ తర్వాత స్రవింపజేస్తుందన్నమాట. కళ్లు పొడిబారే జబ్బులో దీని మోతాదు తగ్గినట్టు గమనించడం వల్లే వైద్యులు దీనిమీద అంత ఆసక్తి చూపుతున్నారు. రెండు క్రియల్నీ ఒకే మాటతో చెప్పేస్తే ఈ విశేషమే పాఠకుడికి అందదు.

అచ్చ తెలుగులో ‘ఊరు’ ఎంత చక్కని క్రియ! బావిలో నీరు ఊరుతుంది, నోట్లో లాలాజలం ఊరుతుంది, కంట్లో తడి ఊరుతుంది. కానీ దాని ప్రేరణార్థకం ‘ఊరించు’ ఆశపెట్టడం అనే అర్థంలో స్థిరపడిపోయింది. “లాక్రిటిన్ కన్నీటిని ఊరిస్తుంది” అంటే చదివేవాళ్లు తికమకపడతారు. “ఊరేలా చేస్తుంది” అనండి, ఏ ఇబ్బందీ ఉండదు. ‘కార్చు’ కూడా సరిపోదు. కన్నీరు కార్చేది బాధలో ఉన్న మనిషే గానీ గ్రంథి కాదు.

ఇక పేర్ల సంగతి. ‘కంటి నీరు’ వద్దు. కనుగుడ్డు లోపల కూడా ఒక ద్రవం ఉంటుంది. నీటికాసుల జబ్బులో సాధారణంగా ఒత్తిడి పెరిగేది దాని వల్లే. కన్నీటికీ దానికీ సంబంధం లేదు. కంటి నీరు అంటే ఆ రెంటిలో ఏదైనా కావచ్చు. ‘కన్నీరు’ మాత్రం బయట కంటిని తడిపేదే. కన్నీరు అనగానే దుఃఖం గుర్తొస్తుందని కొందరు ‘అశ్రువు’ను ఆశ్రయిస్తారు. అశ్రునయనాలు అన్నప్పుడు గుర్తొచ్చేదీ దుఃఖమే కదా! ఏడవకపోయినా రోజంతా కంటిని తడిగా ఉంచేది కూడా కన్నీరేనని ఒక్క ముక్క ముందే చెప్పేస్తే సరిపోతుంది. బాష్పం అంటే ఆవిరి అని కూడా అర్థం, బాష్పీభవనంలో ఉన్నది అదే. కాబట్టి సైన్సు వ్యాసంలో దాన్ని పక్కన పెట్టండి. మరెక్కడైనా రాయాల్సి వస్తే ‘భాష్పం’ అని మాత్రం రాయకండి, మొదటి అక్షరానికి ఒత్తు లేదు.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: “ఎల్‌ఏసీఆర్‌టీ అనే జన్యువు ఆధారంగా కన్నీటి గ్రంథిలోని కణాలు లాక్రిటిన్ అనే ప్రోటీన్‌ను తయారుచేస్తాయి. అది కన్నీటితోపాటు స్రవించి, మళ్లీ కణాలను ప్రేరేపించి మరింత కన్నీరు ఊరేలా చేస్తుంది.”

మీరు ‘గ్రంధి’ అని రాశారు. అది ‘గ్రంథి’. ధకారం కాదు, థకారం. ముడి అని దాని మూలార్థం. తాటాకులను దారంతో కూర్చి కట్టిన గ్రంథానికి పేరు వచ్చింది కూడా ఆ ధాతువు నుంచే.