ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరితే చదువు దెబ్బతింటుందా?

ప్రశ్న: మాది మల్కాజిగిరి. మా అమ్మాయి నగరంలోని ఒక డిగ్రీ కళాశాలలో బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో సంవత్సరంలో ఉంది. జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్)లో చేరతానని, కళాశాల దత్తత తీసుకున్న బస్తీలో ఆదివారాలు పనిచేస్తానని పట్టుబడుతోంది. వచ్చే ఏడాది పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాయాలి. చదువు వెనకబడదా? ఉద్యోగానికి ఇవేమైనా పనికొస్తాయా? పార్టీల గొడవల్లో చిక్కుకుంటుందేమోనన్న భయం కూడా ఉంది. మీ సలహా చెప్పగలరు.

జవాబు: ముందుగా కాలం లెక్క చూద్దాం. గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో మొదలైన జాతీయ సేవా పథకంలో వాలంటీరు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి. దీనికి తోడు ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఒకటి ఉంటుంది. 120 గంటలను ఏడాది పొడవునా పరిస్తే వారానికి రెండున్నర గంటలు దాటదు. సెమిస్టర్ పరీక్షల ముందు ఈ పని ఆపుకోవడానికి సాధారణంగా ఎవరూ అభ్యంతరం చెప్పరు. సీపీగెట్ దృష్ట్యా మాత్రం ఒక జాగ్రత్త అవసరం: ప్రత్యేక శిబిరాన్ని, బస్తీలోని బరువైన పనిని ఈ ఏడాదే పూర్తి చేసుకుని, మూడో సంవత్సరంలో తేలికైన పనులను మాత్రమే మిగుల్చుకోవాలి.

ఇక ఉద్యోగం సంగతి. సర్టిఫికెట్ ఒక్కటి చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. బ్యానరు పట్టుకుని ర్యాలీ తీయడం, చీపుళ్లతో ఫొటో దిగడం, నాటిన మొక్కకు మర్నాటి నుంచి నీళ్లు పోసే దిక్కు లేకపోవడం చాలా కళాశాలల్లో చూస్తున్నదే. అలాంటి వాటితో 240 గంటలు నిండినా ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకు జవాబుండదు. మీ అమ్మాయి ఏదో ఒక్క సమస్యను ఎంచుకుని, దాని వెంట ఏడాది పాటు నడిస్తే కథ మారుతుంది. తన సబ్జెక్టుకు దగ్గరగా ఉన్న సమస్య అయితే మరీ మంచిది. మైక్రోబయాలజీ విద్యార్థినికి తాగునీటి కంటే దగ్గరి విషయం ఏముంటుంది?

నల్లా నీళ్లు రోజంతా కాక కొన్ని గంటలే వచ్చే చోట, సరఫరా ఆగిన వేళ పైపులో ఒత్తిడి పడిపోతుంది. పక్కనే మురుగు కాలువ ఉండి పైపుకు చిల్లు ఉంటే ఆ మురుగు లోపలికి చేరుతుంది. అందుకే నల్లా తిప్పిన మొదటి నిమిషాల నీటిని, కాసేపయ్యాక వచ్చే నీటిని, సంపులో నిల్వ ఉన్న నీటిని విడివిడిగా పరీక్షించాలి. నమూనాలో ఆర్థోటాలిడిన్ అనే రసాయనం చుక్కలు వేస్తే, క్లోరిన్ మిగిలి ఉన్న నీరు పసుపు రంగుకు తిరుగుతుంది. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణం చెబుతోంది. హైడ్రోజన్ సల్ఫైడ్ పరీక్ష సీసాలో పోసిన నీరు ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే మలసంబంధమైన బ్యాక్టీరియా ఉండవచ్చునని అనుమానించాలి. ఏ ఇల్లు, ఏ తేదీ, ఎన్ని గంటలకు, నీటి రంగు ఏమిటి అన్నది ఒక నోటుపుస్తకంలో వరుసగా రాసుకుంటే నాలుగు నెలల్లో ఆ బస్తీ నీటి చరిత్ర చేతిలో ఉంటుంది.

అయితే సీసా నల్లబడింది కదా అని వీధిలో చాటింపు వేయకూడదు. అది అనుమానమే తప్ప నిర్ధారణ కాదు. హైదరాబాద్ నీటి సరఫరా సంస్థ అయిన జలమండలి ప్రయోగశాలో, నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ వంటి ప్రభుత్వ ప్రయోగశాలో తేల్చాలి. అంతవరకు నీళ్లు కాచి తాగమని చెప్పడంలో మాత్రం తప్పు లేదు. ఇంటివారి అనుమతి లేకుండా నమూనా తీయకూడదు, పిల్లల ఫొటోలు తీయకూడదు, ఫలితం వచ్చాక ఆ ఇంటికి మళ్లీ వెళ్లి చెప్పకుండా ఉండకూడదు. నమూనాలు పట్టుకుపోయి మళ్లీ ముఖం చూపించని విద్యార్థులను బస్తీవాళ్లు బాగా గుర్తుపెట్టుకుంటారు. తరువాతి బ్యాచ్‌కు అక్కడ తలుపు తెరుచుకోదు.

తరువాతి మెట్టు కార్యాలయాలు. జలమండలి ఫిర్యాదు నంబరు 155313కు ఫోన్ చేసి, ఫిర్యాదు సంఖ్య రాసుకుని, దాని మీద ఏమి జరిగిందో కనుక్కోవాలి. పని కాకపోతే బస్తీవాళ్లతో కలిసి సెక్షన్ అధికారికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. అదీ సాగకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల ఫిర్యాదులు వినే ప్రజావాణి ఉంది, 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. ఆ చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలి. దరఖాస్తు రాయడంలో ఒక మెళకువ ఉంది. ‘పైపు ఎందుకు బాగుచేయలేదు?’ అని అడిగితే దాటవేసే జవాబు రావచ్చు; ‘ఈ వీధి పైపులైనుకు చివరిసారి మరమ్మతు చేసిన తేదీ, ఆ పని ఆదేశం నకలు ఇవ్వగలరు’ అని అడిగితే రికార్డు తీయక తప్పదు. ప్రభుత్వ యంత్రాంగం ఎలా కదులుతుందో, ఎక్కడ ఆగుతుందో ఇలా తెలుసుకున్నంతగా తరగతి గదిలో తెలియదు.

బయోడేటాలో ‘ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్’ అన్న రెండు మాటలకు బదులు, ఎన్ని ఇళ్ల నీటిని ఎన్ని నెలలు పరీక్షించింది, ఏ కార్యాలయానికి ఏమి రాసింది, చివరికి ఏమి మారింది, ఏమి మారలేదు అన్నది నిజాయతీగా రెండు మూడు వాక్యాల్లో రాయమనండి. ప్రజారోగ్య రంగంలో ఈ అనుభవానికి నేరుగా విలువ ఉంది: హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ కోర్సు ఉంది, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. విధానాల రూపకల్పన మీద ఆసక్తి పెరిగితే, పార్లమెంటు సభ్యులకు సహాయకులుగా దాదాపు ఏడాది పనిచేసే ల్యాంప్ ఫెలోషిప్‌కు ఏ డిగ్రీవారైనా దరఖాస్తు చేయవచ్చు. సివిల్స్ ఆలోచన ఉంటే, 275 మార్కుల ఇంటర్వ్యూలో దరఖాస్తు పత్రంలో రాసుకున్న ప్రతి పని మీదా ప్రశ్న రావచ్చునని గుర్తుంచుకోవాలి.

పార్టీల గురించి మీ భయం నిరాధారం కాదు. ఎన్నికల వేళ విద్యార్థులను జెండాల కోసం, జన సమీకరణ కోసం పిలిచేవారు ఉంటారు. ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్‌కు బాధ్యుడు అధ్యాపకుడైన ప్రోగ్రామ్ ఆఫీసరు. ఆయన పేరుతో, కళాశాల లెటర్‌హెడ్ మీద అనుమతి ఉన్న కార్యక్రమానికే వెళ్లాలన్న నియమం ఇంట్లో పెట్టుకోండి. ఓటర్ల నమోదు మాత్రం పార్టీ పని కాదు. పద్దెనిమిదేళ్లు నిండినవారి చేత ఫారం 6 నింపించడం ఎన్నికల సంఘమే ప్రోత్సహించే పని. ఇప్పుడు జనవరి 1 ఒక్కటే కాక ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీలు కూడా పద్దెనిమిదేళ్లు నిండాయా అని లెక్కించే అర్హత తేదీలే. అమ్మాయి పేరు ఓటరు జాబితాలో ఉందో లేదో ముందు మీ ఇంట్లోనే చూసుకోండి.

ఈ వారంలోనే మీరూ, అమ్మాయీ కలిసి ప్రోగ్రామ్ ఆఫీసరును కలవండి. దత్తత బస్తీ ఏది, ప్రత్యేక శిబిరం ఏ నెలలో, రాత్రి బస ఉంటే అమ్మాయిల వెంట మహిళా అధ్యాపకులు ఉంటారా, బస్తీకి కనీసం ముగ్గురు నలుగురు కలిసి వెళ్తారా, నీటి పరీక్షల రసాయనాలు కళాశాల ల్యాబ్ నుంచి ఇస్తారా అని అడగండి. వీటికి స్పష్టమైన జవాబులు దొరికితే నిశ్చింతగా సంతకం పెట్టండి. దొరక్కపోతే ఆ యూనిట్‌లో పని కాగితాల మీదే నడుస్తోందని అర్థం. అప్పుడు ఆమె తన సబ్జెక్టు లెక్చరర్ల పర్యవేక్షణలో ఇదే నీటి పనిని ప్రాజెక్టుగా చేసుకోవడం మేలు.