సన్మాన పత్రంలో పేరు తప్పు పోకుండా

ప్రశ్న: గ్వాటెమాలా నుంచి వచ్చి మా పేటలో పాతికేళ్లుగా ఉచిత సరుకుల పంపిణీ, ఇంగ్లీషు తరగతులు నడుపుతున్న పెద్దావిడను మా తెలుగు సంఘం సన్మానించాలనుకుంటోంది. బడి ముందు సిగ్నల్ లైటు కోసం కౌన్సిల్ చుట్టూ తిరిగి సాధించిందీ ఆవిడే. మేయర్ చేత ప్రొక్లమేషన్ (నగరం తరఫున ఇచ్చే సన్మాన పత్రం) ఇప్పించడం ఎలా?
– ఒక పాఠకురాలు, ఇర్వింగ్ (టెక్సస్)

జవాబు: ముందు ఆవిడ ఒప్పుకోలు తీసుకోండి. ఆశ్చర్యపరుద్దామని దాచకండి. ప్రొక్లమేషన్ ఎవరైనా చదవగల పత్రం. వలస ఎప్పుడు, ఏ వీసాతో అన్న వివరాలు అందులోకి ఎక్కకూడదు.

మేయర్ ఆఫీసుకు కనీసం ఆరు వారాల ముందు రాయండి. చాలా నగరాలు ముసాయిదా మిమ్మల్నే ఇమ్మంటాయి. ‘వేర్‌యాజ్’ (‘ఫలానా కారణం ఉన్నందున’) అంటూ సాగే వాక్యాలు నాలుగైదు చాలు. ‘నిస్వార్థ సేవామూర్తి’ అని రాస్తే ఎవరికైనా సరిపోతుంది. సిగ్నల్ ఏ మలుపులో, ఏ సంవత్సరం వచ్చిందో రాస్తే అది ఆవిడ ఒక్కరిదే. నిజంగా ఆవిడను గౌరవించేది ఆ వాక్యమే. సంవత్సరాలను ఆవిడతోనూ, కౌన్సిల్ సమావేశాల రికార్డులతోనూ (మినిట్స్) సరిచూడండి.

ఎక్కువ తప్పులు పేరు దగ్గరే జరుగుతాయి. స్పానిష్ పద్ధతిలో ఇంటిపేర్లు రెండు: మామూలుగా ముందు తండ్రిది, తర్వాత తల్లిది. అమెరికా ఫారాల్లో మొదటిది మిడిల్ నేమ్‌గా మారి మాయమవుతుంది. ఇంటిపేరు ముందు రాసుకునే మనకు ఈ బాధ కొత్త కాదు. అక్షరాల మీది గుర్తులూ వదలొద్దు. ‘పేన్యా’ అంటే కొండరాయి. ‘ఎన్’ మీది గీత పోతే ‘పేనా’, అంటే దుఃఖం. జ్ఞాపిక చెక్కించే ముందు ప్రూఫ్‌ను ఆవిడకే చూపించండి.

‘స్పానిష్ మహిళ’ అనకండి, అది స్పెయిన్ వాళ్లను అనే మాట. గ్వాటెమాలా పేరే చెప్పండి. అక్కడ చాలామందికి మాతృభాష కిచే, మామ్ లాంటి మాయా భాష. కాబట్టి పత్రాన్ని స్పానిష్‌లోకి మార్పించే ముందు ఆవిడకు ఏ భాష ఇష్టమో అడగండి. వేదిక మీద ‘డోన్యా’ అంటే మన ‘గారు’ లాంటిదే. అది ఇంటిపేరుకు కాదు, పేరుకు ముందు వస్తుంది. శాలువా ఎందుకు కప్పుతామో కూడా ముందే చెప్పండి.

అమెరికాలో స్పానిష్ మూలాలవారి వారసత్వాన్ని గౌరవించే హిస్పానిక్ హెరిటేజ్ మాసం సెప్టెంబర్ 15 నుంచి అక్టోబర్ 15 వరకు. మొదటి రోజు గ్వాటెమాలా స్వాతంత్ర్య దినం, ఆవిడ ఇంట్లో పండుగ ఉండొచ్చు. తేదీ ఆవిడనే ఎంచుకోమనండి.

ప్రశ్న: ఆవిడ పేరిట తపాలా బిళ్ల కోరవచ్చా?

జవాబు: వీలుకాదు. అమెరికా తపాలా శాఖ జీవించి ఉన్నవారి మీద బిళ్ల వేయదు. మరణించాక కనీసం మూడేళ్లు గడవాలి.

ప్రశ్న: ఆ సభలో పిల్లలు ఇలాంటి మరో వలస మహిళ గురించి మాట్లాడాలి. ఎవరిని ఎంచుకోవాలి?

జవాబు: లూయిసా మొరేనో. 1907లో గ్వాటెమాలా నగరంలో పుట్టి, అమెరికాలో కార్మిక నాయకురాలయ్యారు. 1939లో లాస్ ఏంజెలెస్‌లో స్పానిష్ మాట్లాడే ప్రజల మహాసభ ఏర్పాటులో ఆమెది ముఖ్యపాత్ర. 1950లో బహిష్కరణ ఒత్తిడితో దేశం విడిచారు. టెక్సస్ పిల్లలకు 1938 శాన్ ఆంటోనియో సమ్మె దగ్గరి కథ: పెకాన్ గింజలు ఒలిచే కూలీల రేటులో పౌనుకు ఒక సెంటు కోత పెడితే వేలమంది పని మానేశారు. యూనియన్ తరఫున మొరేనో అక్కడికి వచ్చారు. కానీ మొదట ముందుండి నడిపింది ఆ ఊరి అమ్మాయి ఎమ్మా టెనయూకా. పిల్లల ప్రసంగంలో ఆ పేరు తప్పక ఉండాలి.